గడ్డి పుప్పొడి ఎలర్జీ

గడ్డి పుప్పొడి ఎలర్జీ అనగా గడ్డి కుటుంబానికి చెందిన మొక్కల పుప్పొడి గాలి ద్వారా ముక్కు, కళ్ళు, శ్వాసనాళాలను చేరినప్పుడు, శరీర రక్షణ వ్యవస్థ దానిని హానికరమైన పదార్థంగా భావించి ప్రతిస్పందించడం వలన కలిగే వ్యాధి. ఆంగ్లేయులు దీనిని హే ఫీవర్ అని పిలిచారు. అయితే ఈ వ్యాధిలో జ్వరం రాదు, ఎండుగడ్డి దీనికి కారణం కాదు. ఏ మొక్క పుప్పొడి వ్యాధికి కారణమో తెలుసుకొనడానికి చర్మ పరీక్ష చేస్తారు. అదే పుప్పొడి నుండి తీసిన సారాన్ని స్వల్ప మోతాదులతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ ఇవ్వడాన్ని ఎలర్జీ టీకా చికిత్స లేదా ఇమ్యునోథెరపీ అంటారు.

పరీక్షకు, టీకాకు వాడే పుప్పొడి రోగి నివసించే ప్రాంతంలో పెరిగే గడ్డి జాతులదై ఉండాలి. ఐరోపా పచ్చిక బయళ్ళ గడ్డితో తయారైన సారం తెలంగాణలోని గరిక, జొన్న, రెల్లు వంటి జాతులకు పూర్తిగా సరిపోదు. వరంగల్లు జిల్లా నుండి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల వంటి వ్యవసాయ ప్రాంతాలలో ఈ విషయానికి ప్రాముఖ్యం ఎక్కువ. పొలంలో పని చేసేవారు గడ్డికి దూరంగా ఉండడం సాధ్యం కాదు.

వ్యాధి కలిగే విధానం

పుప్పొడి రేణువు తడిగా ఉన్న శ్లేష్మ పొరపై పడిన కొద్ది నిమిషాలలోనే దానిలోని ప్రోటీన్లు బయటకు వస్తాయి. వంశపారంపర్యంగా ఎలర్జీ స్వభావం గల వారిలో ఈ ప్రోటీన్లకు వ్యతిరేకంగా ఐజీఇ అనే ప్రతిరక్షకాలు తయారవుతాయి. ఇవి చర్మంలోను, శ్లేష్మ పొరలలోను ఉండే మాస్ట్ కణాలను అంటిపెట్టుకొని ఉంటాయి. ఈ దశలో రోగికి ఏ బాధా తెలియదు. అదే పుప్పొడి మరల శరీరంలో ప్రవేశించినప్పుడు ఐజీఇ దానిని పట్టుకుంటుంది. వెంటనే మాస్ట్ కణాలు హిస్టమిన్ మొదలైన రసాయనాలను విడుదల చేస్తాయి. తుమ్ములు, దురద, నీరు కారడం, వాపు ఈ రసాయనాల ప్రభావమే. చర్మ పరీక్షలో చేతిపై కనిపించే దద్దురు కూడా ఇదే ప్రతిచర్య ఫలితం.

లక్షణాలు

* వరుసగా తుమ్ములు, ముక్కు నుండి నీరు కారడం, ముక్కు దిబ్బడ
* కళ్ళ దురద, ఎరుపు, నీరు కారడం
* అంగిలి, గొంతు, చెవులలో దురద
* కొందరిలో దగ్గు, పిల్లికూతలు, ఆయాసం, అనగా ఉబ్బసం
* నిద్రలేమి, పగటి పూట అలసట, పిల్లలలో చదువుపై శ్రద్ధ తగ్గడం

ప్రతి సంవత్సరం ఒకే ఋతువులో లక్షణాలు రావడం పుప్పొడి ఎలర్జీకి ముఖ్యమైన గుర్తు. సంవత్సరం పొడవునా బాధ ఉంటే ఇంటి దుమ్ములోని పురుగులు, బొద్దింకలు, బూజు వంటి కారణాలను కూడా పరిశీలించాలి. ముక్కు ఎలర్జీని చాలామంది మామూలు జలుబుగా భావించి వదిలివేస్తారు. ముక్కు ఎలర్జీ గల వారిలో ఉబ్బసం వచ్చే అవకాశం ఇతరుల కంటే ఎక్కువ.

గడ్డి మొక్కలు, వాటి పుప్పొడి

గడ్డి కుటుంబాన్ని శాస్త్రీయంగా పోయేసీ అంటారు. ఇందులో సుమారు 12 వేల జాతులు కలవు. వరి, జొన్న, మొక్కజొన్న, సజ్జ, చెరకు, వెదురు కూడా ఈ కుటుంబానికి చెందినవే. వీటి పూలకు రంగు, తేనె, వాసన ఉండవు. పరాగసంపర్కం గాలి ద్వారా జరుగుతుంది కాబట్టి ఇవి పుప్పొడిని అధికంగా ఉత్పత్తి చేస్తాయి. గడ్డి పుప్పొడి రేణువు గుండ్రంగా, ఒకే రంధ్రంతో ఉంటుంది. దాని వ్యాసం సాధారణంగా 20 నుండి 55 మైక్రాన్లు. మొక్కజొన్న రేణువు 80 నుండి 100 మైక్రాన్ల వరకు ఉంటుంది. అందువలన అది ఎక్కువ దూరం పోక చేను సమీపంలోనే రాలుతుంది. సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు గడ్డి జాతుల రేణువులన్నీ దాదాపు ఒకే విధంగా కనిపిస్తాయి. కావున గాలిలోని రేణువులను లెక్కించినంత మాత్రాన ఏ జాతి గడ్డి బాధిస్తున్నదో చెప్పలేము.

తెలంగాణలో సాధారణంగా కనిపించే కొన్ని జాతులు:

* గరిక: శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. వినాయక చవితి పత్రిలో దూర్వాయుగ్మంగా వాడేది ఇదే. గట్లపైన, బాటల పక్కన, ఇంటి ముంగిట సంవత్సరంలో ఎక్కువ కాలం పూస్తుంది. పాశ్చాత్య దేశాలలో బెర్ముడా గడ్డి అంటారు.
* జొన్న: శాస్త్రీయ నామం సోర్ఘం బైకలర్. వానాకాలంలోను, యాసంగిలోను వేస్తారు. దీని సమీప బంధువైన జాన్సన్ గడ్డి ప్రపంచమంతటా పేరుపొందిన ఎలర్జీ కారకం.
* రెల్లు: శాస్త్రీయ నామం శాకరం స్పాంటేనియం. వానలు తగ్గిన పిదప నదుల ఒడ్డున, వాగుల వెంట తెల్లని కంకులతో పూస్తుంది.
* వరి: శాస్త్రీయ నామం ఒరైజా సటైవా. ఎక్కువగా స్వపరాగసంపర్కం జరుపుకుంటుంది. పూలు ఉదయం పూట కొద్ది గంటలు మాత్రమే విచ్చుకుంటాయి.
* దర్భ, ఊద, సజ్జ, మొక్కజొన్న మొదలైనవి.

వయ్యారిభామ మొక్కను కాంగ్రెస్ గడ్డి అని కూడా పిలుస్తారు. పేరులో గడ్డి ఉన్నప్పటికీ ఇది గడ్డి కుటుంబానికి చెందదు. ఇది పొద్దుతిరుగుడు, బంతి మొక్కల కుటుంబానికి చెందిన పార్థీనియం హిస్టెరోఫోరస్. ఇది చర్మ వ్యాధిని, ముక్కు ఎలర్జీని కలిగిస్తుంది. రోగి తనకు గడ్డి పడదని చెప్పినప్పుడు ఏ గడ్డి అన్నది తేల్చడానికి చర్మ పరీక్ష ఉపయోగపడుతుంది. గరిక సారానికి దద్దురు రాక వయ్యారిభామ సారానికి వచ్చినచో చికిత్స మార్గమే మారుతుంది.

పుప్పొడి విడుదలయ్యే సమయం కూడా జాతిని బట్టి మారుతుంది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్తలు సి. సుబ్బారెడ్డి, ఎన్. ఎస్. రెడ్డి, ఎ. జానకీబాయి పలు గడ్డి జాతులు రోజులో ఏ వేళ పుప్పొడిని విడుదల చేస్తాయో పరిశీలించి 1988లో ప్రకటించారు. రోగి బాధ ఏ వేళ ఎక్కువగా ఉన్నదని వైద్యుడు అడగడానికి ఇటువంటి పరిశోధనలే ఆధారం.

ఉరుములతో కూడిన వాన సమయంలో పుప్పొడి రేణువులు తేమను పీల్చుకొని పగిలి, వాటిలోని అతి సూక్ష్మమైన పిండి కణాలు ఊపిరితిత్తుల లోపలికి చేరగలవు. 2016 నవంబరు 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఈ విధంగా రై గడ్డి పుప్పొడి వలన వేలాది మందికి ఒకేసారి ఆయాసం వచ్చి 10 మంది మరణించారు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతం

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. జయశంకర్ భూపాలపల్లి జిల్లా నుండి 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా విడిపోయింది. ఎలర్జీ దృష్ట్యా మూడింటి పరిస్థితులు కొంత భిన్నమైనవి.

జనగామ దక్కను పీఠభూమిపై ఉన్న మెట్ట ప్రాంతం. కాలువ నీరు, బోరుబావులు ఉన్న చోట్ల వరి వేస్తారు. పత్తి, మొక్కజొన్న ఇతర ముఖ్యమైన పంటలు. బీళ్ళలోను, గట్లపైన గరిక మొదలైన గడ్డి జాతులు పెరుగుతాయి. మహబూబాబాద్ జిల్లాలో వరి, పత్తి, మొక్కజొన్నలతో పాటు మిరప ముఖ్యమైన పంట. కేసముద్రం మార్కెట్ ఈ జిల్లాలోనిదే. భూపాలపల్లి జిల్లాలో అడవులు, కాళేశ్వరం వద్ద గోదావరి తీరం, సింగరేణి బొగ్గు గనులు, చెల్పూరు వద్ద కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం కలవు.

ఇక్కడ తుమ్ములకు, దగ్గుకు కారణాలు అనేకం ఉండడం వలన నిర్ధారణ కష్టమవుతుంది.

* మిరపకాయల ఘాటుకు వచ్చే తుమ్ములు ఎలర్జీ కావు. మిరపలోని కాప్సైసిన్ ఎవరి ముక్కునైనా మండించగలదు. ఇందులో ఐజీఇ ప్రమేయం లేదు.
* బొగ్గు ధూళి, బూడిద, పొగ శ్వాసనాళాలను రాపిడికి గురిచేస్తాయి. ఇవి ఉబ్బసాన్ని ఎక్కువ చేస్తాయి గాని చర్మ పరీక్షలో కనిపించవు.
* వరి నూర్పిళ్ళ సమయంలో లేచే దుమ్ములో బూజు సిద్ధబీజాలు, పొట్టు, పురుగుల అవశేషాలు ఉంటాయి. వరి పూత అప్పటికే ముగిసి ఉంటుంది కాబట్టి ఆ బాధను వరి పుప్పొడికి ఆపాదించరాదు.
* పత్తి జిన్నింగ్ మిల్లులలోని దుమ్ము వేరొక రకమైన ఊపిరితిత్తుల బాధను కలిగిస్తుంది.
* సర్కారు తుమ్మ పుప్పొడి భారతదేశంలో గుర్తించబడిన ముఖ్యమైన ఎలర్జీ కారకాలలో ఒకటి.

వానాకాలం చివర, బతుకమ్మ పండుగ మొదలుకొని దీపావళి వరకు గల కాలంలో పెక్కు గడ్డి జాతులు పూతలో ఉంటాయి. వానాకాలపు వరి కూడా సుమారుగా ఆ రోజులలోనే పూస్తుంది. యాసంగి వరి పూత శీతాకాలం చివర వస్తుంది. ఈ కాలాలలో ఏటా బాధ తిరగబెట్టే వారికి గడ్డి పుప్పొడి పరీక్ష అవసరం.

వైద్య సదుపాయాల విషయంలో ఈ ప్రాంత ప్రజలు చాలాకాలంగా వరంగల్లులోని మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రి (ఎంజీఎం) పైన, హైదరాబాదు పైన ఆధారపడినారు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లి పట్టణాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. టీకా చికిత్సకు రోగి మూడు నుండి ఐదు సంవత్సరాల పాటు క్రమం తప్పక ఆసుపత్రికి రావాలి. తండాలలో, గూడేలలో నివసించే కూలీలకు ఆసుపత్రి దూరమే చికిత్స మధ్యలో మానివేయడానికి కారణం కాగలదు.

చరిత్ర

1819లో లండను వైద్యుడు జాన్ బోస్టాక్ ప్రతి వేసవిలో తనకు వచ్చే ముక్కు, కళ్ళ బాధను వైద్య సంఘం ఎదుట వివరించాడు. దీనికి కారణం గడ్డి పుప్పొడి అని మాంచెస్టరుకు చెందిన చార్లెస్ బ్లాక్లీ 1873లో వెలువడిన తన గ్రంథంలో నిరూపించాడు. ఆయన కూడా ఈ వ్యాధిగ్రస్తుడే. తన ముంజేతిపై గీరి, అక్కడ పుప్పొడిని ఉంచి, దద్దురు రావడాన్ని గమనించాడు. ఇదే మొట్టమొదటి ఎలర్జీ చర్మ పరీక్ష. గాలిపటాల సహాయంతో ఎత్తున ఉన్న గాలిలోని పుప్పొడిని కూడా సేకరించాడు. అదే 1873లో కలకత్తాలో డేవిడ్ డగ్లస్ కన్నింగ్‌హామ్ గాలిలోని సూక్ష్మ రేణువులపై తన పరిశీలనలను ప్రచురించాడు. భారతదేశంలో వాయుజీవశాస్త్రానికి ఇది ఆరంభం.

1906లో ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ఎలర్జీ అనే పదాన్ని సృష్టించాడు. 1911లో లండను సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లియొనార్డ్ నూన్ టిమోతీ గడ్డి పుప్పొడి సారాన్ని రోగులకు సూదిమందుగా ఇచ్చి ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. పుప్పొడిలో విషం ఉన్నదని, దానికి వ్యతిరేకంగా శరీరంలో నిరోధకం పుడుతుందని ఆయన భావించాడు. ఆ సిద్ధాంతం సరికాదని తరువాత తేలింది గాని, ఆయన అనుసరించిన పద్ధతి నేటికీ ఆచరణలో ఉన్నది. 1913లో నూన్ క్షయవ్యాధితో మరణించగా, సహచరుడు జాన్ ఫ్రీమన్ ఆ పనిని కొనసాగించాడు.

1921లో జర్మనీలో ప్రౌస్నిట్జ్, కుస్ట్నర్ అనే శాస్త్రవేత్తలు ఎలర్జీ స్వభావాన్ని రక్తరసం ద్వారా ఒకరి చర్మం నుండి మరొకరి చర్మానికి బదిలీ చేయవచ్చని చూపారు. ఆ రక్తరసంలోని పదార్థమే ఐజీఇ అని 1966-67 సంవత్సరాలలో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిచ్ వేర్వేరుగా కనుగొన్నారు. 1954లో విలియం ఫ్రాంక్లండ్, రోజా ఆగస్టిన్ గడ్డి పుప్పొడి టీకాపై ఉత్తుత్తి మందుతో పోల్చి పరీక్ష జరిపి, టీకా మేలు చేస్తున్నదని చూపారు. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎలర్జీ సారాలను చికిత్సా టీకాలుగా పేర్కొన్నది.

భారతదేశంలో ఢిల్లీలోని వల్లభాయి పటేల్ ఛాతీ సంస్థలో డి. ఎన్. శివపురి ఈ రంగానికి పునాది వేశారు. ఢిల్లీలోని జీవరసాయన సాంకేతిక కేంద్రం (నేటి జీనోమిక్స్, సమగ్ర జీవశాస్త్ర సంస్థ) పుప్పొడి సారాల తయారీ, ప్రామాణీకరణలపై పరిశోధనలు జరిపింది. నాయర్, జోషీ, గంగల్ సంపాదకత్వంలో దేశంలోని గాలిలో తేలే పుప్పొడిపై సర్వే గ్రంథం 1986లో వెలువడింది. ఎలర్జీ టీకా చికిత్సకు భారతీయ మార్గదర్శక సూత్రాలు 2009లో ప్రచురించబడి 2017లో సవరించబడ్డాయి.

చర్మ పరీక్ష

చర్మ పరీక్షలలో స్కిన్ ప్రిక్ టెస్ట్ ప్రధానమైనది. ఇది సురక్షితం, చవక. ఫలితం అరగంట లోపే తెలుస్తుంది.

ముందు జాగ్రత్తలు

* సెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమిన్ వంటి ఎలర్జీ మాత్రలను సుమారు వారం రోజుల ముందు నుండి ఆపాలి. జలుబు మాత్రలలోను, దగ్గు మందులలోను ఇవి కలిసి ఉంటాయి కాబట్టి వాడే మందులన్నీ వైద్యునికి చూపాలి.
* ఉబ్బసం మందులను, ఇన్‌హేలర్లను వైద్యుని సలహా లేకుండా ఆపరాదు.
* ఉబ్బసం అదుపులో లేనప్పుడు, గర్భవతులకు, పరీక్ష చేయవలసిన చోట చర్మవ్యాధి ఉన్నప్పుడు పరీక్షను వాయిదా వేస్తారు.
* బీటా బ్లాకర్ రకం రక్తపోటు మందులు వాడేవారు ఆ విషయం ముందే చెప్పాలి. ఇవి అత్యవసర సమయంలో అడ్రినలిన్ పనిని అడ్డుకుంటాయి.
* పరీక్ష చేసే చోట అడ్రినలిన్ సూదిమందు, ఆక్సిజన్ సిద్ధంగా ఉండాలి.

చేసే విధానం

ముంజేయి లోపలి వైపు చర్మాన్ని శుభ్రపరచి, పెన్నుతో గుర్తులు పెట్టి, ఒక్కొక్క సారం చుక్కను కనీసం 2 సెం.మీ. ఎడంగా వేస్తారు. చుక్క మధ్యగా సన్నని లాన్సెట్‌తో చర్మం పై పొరను గుచ్చుతారు. రక్తం రాకూడదు. ఒక్కొక్క సారానికి వేర్వేరు లాన్సెట్ వాడాలి. పుప్పొడి సారాలతో పాటు మరి రెండు చుక్కలు తప్పనిసరి. హిస్టమిన్ చుక్క వద్ద దద్దురు రావాలి. రానిచో రోగి వాడిన మందులు పరీక్షను అణచివేసినట్లు తెలుస్తుంది. సారం కలిపిన ఉత్తి ద్రవం చుక్క వద్ద దద్దురు రాకూడదు. వచ్చినచో రోగి చర్మం కేవలం గుచ్చినందుకే ఉబ్బుతున్నదని అర్థం. ఈ రెండూ లేకుండా చేసిన పరీక్షకు విలువ లేదు.

ఫలితం చదువుట

15 నుండి 20 నిమిషాల తరువాత దద్దురు వ్యాసాన్ని కొలుస్తారు. ఉత్తి ద్రవం వద్ద ఉన్నదాని కంటే 3 మి.మీ. లేదా అంతకు మించి ఉంటే ఫలితం పాజిటివ్. చామనఛాయ, నల్లని చర్మంపై ఎరుపుదనం స్పష్టంగా కనిపించదు. అందువలన మన దేశంలో ఎరుపును బట్టి గాక, ఉబ్బిన దద్దురును వేలితో తాకి దాని అంచులు గుర్తించి కొలవడం మంచిది.

చర్మం లోపలికి 0.02 నుండి 0.05 మి.లీ. పలుచని సారాన్ని ఎక్కించే ఇంట్రాడెర్మల్ పరీక్ష కూడా కలదు. ఇది ఎక్కువ సున్నితమైనది గాని, వ్యాధి లేనివారిలో కూడా పాజిటివ్ రావడం, తీవ్ర ప్రతిచర్యల ప్రమాదం ఎక్కువ.

పరిమితులు

పాజిటివ్ ఫలితం శరీరంలో ఐజీఇ ఉన్నదని మాత్రమే తెలుపుతుంది. గరికకు దద్దురు వచ్చినా, గరిక పూసే కాలంలో ఏ బాధా లేనివారికి చికిత్స అవసరం లేదు. పది, పదిహేను సారాలకు దద్దురు వచ్చిన రోగికి అన్నీ కలిపి టీకా ఇవ్వడం సరైన పద్ధతి కాదు. లక్షణాల కాలం, నివాసం, వృత్తి, చర్మ పరీక్ష ఒకదానితో ఒకటి సరిపోయినప్పుడే కారణం నిర్ధారించబడినట్లు భావించాలి. అలాగే పరీక్షలో స్థానిక గడ్డి సారం లేకపోతే, నిజంగా గడ్డి ఎలర్జీ గల రోగికి కూడా నెగటివ్ రావచ్చు.

మందులు ఆపలేని వారికి, విస్తారమైన చర్మవ్యాధి ఉన్నవారికి రక్తంలోని ఐజీఇ పరీక్ష చేస్తారు. ఇది ఖరీదైనది. దీని ఫలితాన్ని కూడా లక్షణాలతో పోల్చి చూడాలి.

పరీక్ష ద్రవం, టీకా తయారీ

పరీక్షకు, టీకాకు మూల పదార్థం ఒకటే. తయారీ దశలు స్థూలంగా ఈ క్రింది విధంగా ఉంటాయి.

* సేకరణ: పూత దశలో ఉన్న కంకులను పుప్పొడి రాలక ముందే కోసి, నీడలో కాగితాలపై ఆరబెడతారు. రాలిన పుప్పొడిని సన్నని జల్లెడలతో జల్లిస్తారు.
* శుద్ధత: సూక్ష్మదర్శిని కింద ఇతర జాతుల పుప్పొడి, బూజు, మొక్క భాగాలు ఎంత ఉన్నవో చూస్తారు. రేణువును చూచి గడ్డి జాతిని గుర్తించలేము కాబట్టి, కోసేటప్పుడే వృక్షశాస్త్ర నిపుణుడు మొక్కను నిర్ధారించాలి.
* కొవ్వు తొలగింపు: ఈథర్ వంటి ద్రావణితో నూనె పదార్థాలను తీసివేస్తారు.
* సారం తీయుట: చల్లని ఉష్ణోగ్రత వద్ద లవణ ద్రావణంలో గంటల తరబడి కలియబెట్టి ప్రోటీన్లను ద్రవంలోకి తెస్తారు.
* వడపోత: మడ్డిని వేరుచేసి, 0.22 మైక్రాన్ల వడపోతతో సూక్ష్మజీవులను తొలగిస్తారు.
* పరీక్షలు: ప్రోటీన్ పరిమాణం, ఐజీఇతో కలిసే శక్తి, సూక్ష్మజీవ రాహిత్యం చూస్తారు.
* నిల్వ: గ్లిసరిన్ కలిపిన సారాన్ని 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉంచాలి. వేడికి సారం శక్తి తగ్గుతుంది. తెలంగాణ వేసవిలో రవాణా సమయంలోను, కరెంటు లేనప్పుడు కూడా ఈ చల్లదనాన్ని కాపాడాలి.

ప్రామాణీకరణ

ఒకే జాతి పుప్పొడి నుండి తీసిన సారాలు కూడా సేకరించిన సంవత్సరం, ప్రదేశం, పద్ధతిని బట్టి శక్తిలో తేడాగా ఉంటాయి. భారతదేశంలో సారాలను ఎక్కువగా బరువు-ఘనపరిమాణ నిష్పత్తిలో, ఉదాహరణకు 1:10, 1:50 అని, గుర్తిస్తారు. ఇది ఎంత పుప్పొడి వేశారో చెబుతుంది గాని, అందులో ఎలర్జీ కారకం ఎంత ఉన్నదో చెప్పదు. అమెరికాలో రోగుల చర్మంపై ప్రతిచర్యను బట్టి బయోఎక్వివలెంట్ ఎలర్జీ యూనిట్లను నిర్ణయించి, ఎనిమిది గడ్డి జాతులను ప్రామాణీకరించారు. వాటిలో గరిక ఒకటి. మిగిలినవి టిమోతీ, రై వంటి శీతల ప్రాంతపు జాతులు. జాన్సన్ గడ్డి ఈ జాబితాలో లేదు.

స్థానిక గడ్డి ఎందుకు అవసరమో ప్రోటీన్ల నిర్మాణం తెలుపుతుంది. గడ్డి పుప్పొడిలోని ఎలర్జీ కారకాలను సమూహాలుగా విభజించారు. ఒకటవ సమూహం ప్రోటీన్లు దాదాపు అన్ని గడ్డి జాతులలోను ఉంటాయి. గడ్డి ఎలర్జీ రోగులలో 90 శాతానికి పైగా వీటికి ప్రతిస్పందిస్తారు. ఐదవ సమూహం ప్రోటీన్లు టిమోతీ, రై వంటి శీతల జాతులలో ప్రధానమైనవి. ఇవి గరికలోను, జొన్న వర్గపు గడ్డిలోను లేవు. ఒకటవ సమూహం ప్రోటీన్ల నిర్మాణం కూడా ఉపకుటుంబాన్ని బట్టి మారుతుంది. గరిక, జొన్న సైతం వేర్వేరు ఉపకుటుంబాలకు చెందినవి. కావున టిమోతీ టీకా గరిక ఎలర్జీకి, గరిక టీకా జొన్న ఎలర్జీకి పూర్తి రక్షణ ఇవ్వగలవని భావించలేము.

టీకా చికిత్స

మామూలు టీకాలు వ్యాధి రాకుండా ఆరోగ్యవంతులకు ఇస్తారు. ఎలర్జీ టీకా వ్యాధి ఉన్నవారికి ఇచ్చే చికిత్స. ఇది రక్షణ వ్యవస్థను పుప్పొడిని సహించేలా అలవాటు చేస్తుంది. నియంత్రక టి-కణాలు వృద్ధి చెంది, ఐజీజీ4 అనే ప్రతిరక్షకాలు తయారవుతాయి. ఇవి పుప్పొడి ప్రోటీన్లు ఐజీఇని చేరకుండా అడ్డుకుంటాయి. ఐజీఇ మొదట కొంత పెరిగి, తరువాత సంవత్సరాల కాలంలో తగ్గుతుంది.

సూదిమందు పద్ధతిలో మొదట అతి పలుచని సారాన్ని వారానికి ఒకటి, రెండుసార్లు ఇస్తూ మోతాదు పెంచుతారు. గరిష్ఠ మోతాదు చేరిన తరువాత నెలకొకసారి ఇస్తారు. మొత్తం 3 నుండి 5 సంవత్సరాలు కొనసాగించాలి. 1999లో స్టీఫెన్ డర్హమ్ బృందం ప్రకటించిన పరిశోధనలో, మూడు నాలుగు సంవత్సరాలు గడ్డి టీకా పొందిన వారికి, ఆపిన తరువాత మూడు సంవత్సరాలకు కూడా మేలు నిలిచి ఉన్నట్లు తేలింది. రెండు సంవత్సరాలకే ఆపినచో ఆ మేలు నిలువలేదని 2017లో ప్రచురితమైన మరొక పరిశోధన చూపింది. చికిత్సను మధ్యలో మానినచో పడిన శ్రమ, పెట్టిన ఖర్చు వృథా కాగలవు.

నాలుక కింద ఉంచుకొనే మాత్రలు, చుక్కలు మరొక పద్ధతి. టిమోతీ గడ్డి మాత్ర ఐరోపాలో 2006లో, అమెరికాలో 2014లో అనుమతి పొందింది. ఐదు గడ్డి జాతులు కలిపిన మరొక మాత్రకు కూడా అమెరికాలో 2014లోనే అనుమతి లభించింది. మొదటి మాత్ర వైద్యుని ఎదుట వేసుకొని, తరువాత ఇంటి వద్ద వాడవచ్చు. గ్రామీణులకు ఈ పద్ధతి అనుకూలమైనదే. కాని ఈ రెండు మాత్రలలోని గడ్డి జాతులు అన్నీ శీతల ప్రాంతానివే.

దుష్ఫలితాలు

సూది వేసిన చోట వాపు, దురద సాధారణం. అరుదుగా ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం, రక్తపోటు పడిపోవడం జరిగి ప్రాణాపాయం కలుగవచ్చు. దీనిని అనాఫిలాక్సిస్ అంటారు. బ్రిటన్‌లో 1957 నుండి టీకా చికిత్స వలన 26 మంది మరణించారని అక్కడి ఔషధ భద్రతా సంఘం 1986లో వెల్లడించింది. వారిలో ఎక్కువ మంది ఉబ్బసం రోగులు. అప్పటి నుండి ఈ క్రింది నియమాలకు ప్రాధాన్యం పెరిగింది.

* టీకాను ఆసుపత్రిలో శిక్షణ పొందిన వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే వేయించుకోవాలి. ఇంటి వద్ద సూదిమందు తీసుకొనరాదు.
* వేసిన తరువాత కనీసం 30 నిమిషాలు అక్కడే ఉండాలి.
* ఆ రోజు ఆయాసం, జ్వరం ఉంటే మోతాదును వాయిదా వేయాలి.
* అనాఫిలాక్సిస్ లక్షణాలు కనిపించిన వెంటనే తొడ కండరానికి అడ్రినలిన్ ఇవ్వాలి. ఎలర్జీ మాత్రలు దానికి ప్రత్యామ్నాయం కావు.

కొత్త టీకాలు

పుప్పొడి సారాన్ని రసాయనాలతో మార్చి, ఐజీఇతో కలిసే శక్తిని తగ్గించిన రూపాన్ని ఎలర్జాయిడ్ అంటారు. దీనిని 1970లో డేవిడ్ మార్ష్ బృందం వర్ణించింది. జన్యు సాంకేతిక పద్ధతిలో తయారైన ఐదు టిమోతీ ప్రోటీన్ల మిశ్రమం రోగులలో ఫలితం ఇచ్చినట్లు 2005లో ప్రచురితమైంది. వియన్నాలో రుడాల్ఫ్ వాలెంటా బృందం పుప్పొడి ప్రోటీన్ ముక్కలను హెపటైటిస్-బి వైరస్ ప్రోటీన్‌తో జతచేసి బీఎం32 అనే టీకాను రూపొందించి, రోగులపై పరీక్షించింది. ఇటువంటి టీకాలలో ప్రతి మోతాదులోను ప్రోటీన్ పరిమాణం కచ్చితంగా తెలుస్తుంది. పుప్పొడి సేకరణలోని హెచ్చుతగ్గుల బాధ ఉండదు. గరిక, జొన్న వర్గాల ప్రధాన ప్రోటీన్లు గుర్తించబడినందున, ఇదే మార్గంలో ఉష్ణ ప్రాంతాలకు తగిన టీకాలను తయారు చేయడం సాధ్యమే.

నివారణ, ఇతర చికిత్స

* పూత కాలంలో కలుపు తీసేటప్పుడు, గడ్డి కోసేటప్పుడు ముక్కు, నోటికి మాస్కు లేదా తడి రుమాలు కట్టుకోవాలి. కళ్ళజోడు వాడాలి.
* పని ముగిసిన తరువాత స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. పుప్పొడి కాలంలో బట్టలను ఇంటి లోపల ఆరవేయడం మంచిది.
* ఇంటి ముంగిట గరికను, వయ్యారిభామను పూతకు రాక ముందే తొలగించాలి.
* ముక్కులో వాడే స్టెరాయిడ్ స్ప్రేలు, ఎలర్జీ మాత్రలు లక్షణాలను తగ్గిస్తాయి. ఉబ్బసానికి ఇన్‌హేలర్లు ప్రధానమైన మందు. ఇవి అలవాటుగా మారతాయన్నది అపోహ.

మందులతో బాధ అదుపు కానప్పుడు, కారణమైన గడ్డి చర్మ పరీక్షలో నిర్ధారణ అయినప్పుడు, ఆ గడ్డికి నాణ్యమైన సారం లభించినప్పుడు టీకా చికిత్సను ఆలోచించాలి.

ఇవి కూడా చూడండి

* ఉబ్బసం
* పుప్పొడి
* గరిక
* వయ్యారిభామ
* రోగ నిరోధక వ్యవస్థ
* మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రి, వరంగల్లు